రెండేళ్ల మనవరాలితో నెల్లూరు చుట్టుపక్కల ప్రయాణాలు: నా అనుభవం

మా మనవరాలికి ఏడాదిన్నర నిండినప్పటి నుంచి పగలంతా మా దగ్గరే ఉంటోంది. అమ్మాయి, అల్లుడు మా ఇంటి పై వాటాలోనే ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలు, పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరిపోతారు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైర్ అయ్యాను. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అందుకని పిల్ల తిండి, నిద్ర, కథలు ఆమె చూసుకుంటుంది. పిల్ల వెనక పరుగెత్తడం, బయట తిప్పడం నా వంతు. మా వీధిలో మనవళ్లని చూసుకునే తాతలు, అమ్మమ్మలు చాలామందే ఉన్నారు. "మీరు పిల్లని ఎక్కడెక్కడో తిప్పుతారే, ఏడవదా? ఇంట్లో ఏం ఆడిస్తారు?" అని అడుగుతుంటారు. గేటు దగ్గర నిలబడి చెబితే సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదట్లో మాకున్న పెద్ద టెన్షన్ ఫోను. అన్నం తినాలంటే ఫోను, జడ వేయాలంటే ఫోను. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరు గట్టిగానే చెప్పారు. రెండేళ్లలోపు పిల్లకి తెర అసలు వద్దు, రెండు దాటాక కూడా రోజుకి గంటకి మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు కూడా ఇవే. ఆ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలని, పగటి కునుకుతో కలిపి పదకొండు నుంచి పద్నాలుగు గంటలు నిద్రపోవాలని కూడా అందులో ఉంది. ఫోను తీసేయడం ఒక్క పూట పని. తీసేశాక మిగిలిన ఆ పొద్దంతా పిల్లకి ఏం ఇవ్వాలన్నదే అసలు సంగతి.

నా సర్వీసులో చంటిపిల్లల తల్లులు ఎంతోమంది నా బస్సు ఎక్కారు. పొద్దున ఏడున్నర బస్సులో పిల్లలు కిటికీ పట్టుకుని కేరింతలు కొడతారు. అదే పిల్లలు పదకొండు దాటాక ఎక్కితే గుక్కపట్టి ఏడుస్తారు. రోడ్డు అదే, బస్సు అదే. మారింది పిల్ల ఒంట్లోని టైము. నిద్రా ఆకలీ కలిసి ముంచుకొచ్చే సమయం అది. దాన్ని దృష్టిలో పెట్టుకుని, ముందు మా పిల్ల రోజంతా ఎలా గడుస్తోందో ఒక డైరీలో రాశాను. ఆరున్నరకి లేస్తుంది. ఏడు నుంచి పది దాకా మంచి హుషారు. పన్నెండున్నరకి కళ్లు మూతలు పడతాయి. నిద్ర లేచాక నాలుగింటికి పాలు తాగితే మళ్లీ ఆరున్నర దాకా ఫరవాలేదు. మేం ఎక్కడికి వెళ్లినా ఈ రెండు ముక్కల్లోనే వెళ్లి, ఆ లోపలే తిరిగి రావాలి. దూరం పోవాల్సి వస్తే ఆమె నిద్రపోయే సమయం బండిలో గడిచిపోయేలా చూడాలి. మన నెల్లూరు ఎండలకి కూడా ఈ టైములే సరిపోతాయి. ఏప్రిల్ నుంచి రోహిణీ కార్తె వెళ్లేదాకా మాత్రం మేం పగలు గడప దాటలేదు.

రెండో నియమం మా ఆవిడ పెట్టింది. "ఒక పూటకి ఒక్కటే చూపించండి. గుడి, పార్కు, బజారు అన్నీ కలిపి తిప్పితే పిల్ల బుర్రలో ఏదీ నిలవదు" అంది. అది నూటికి నూరుపాళ్లు నిజమని ఈ ఏడాదిలో చూశాను. అక్కడికి వెళ్లడానికి కొన్ని రోజుల ముందే ఆ ఒక్క వస్తువు ఇంట్లో ఆటలోకి రావాలి. వెళ్లొచ్చాక కూడా కొన్ని రోజులు అదే ఆట సాగాలి.

మొదట రైలు చూపించాం. వారం ముందు నుంచి వంటింటి పీటలు వరసగా పేర్చి రైలు ఆట. ముందు పీట మీద ఎలుగుబంటి బొమ్మ, తర్వాత మా ఆవిడ, చివర పిల్ల. టికెట్లు నేనే కొట్టాలి. పాత క్యాలెండరు కాగితాలు సన్నగా చింపి టికెట్లు చేశాను. రెండో రోజుకే ఆ పని తను లాక్కుంది. కాగితం రెండు వేళ్లతో పట్టుకుని చింపడం ఆ వయసుకి మంచి పని, వేళ్లకి పట్టు వస్తుంది. చింపి ఒక్కొక్కరికీ ఇస్తూ "ఒకటి... రెండు... ఇంకోటి" అనేది. విజిల్ వేయడం చేతకాక "రైట్ రైట్" అని అరిచేది. నా ఉద్యోగం నా మనవరాలి నోట వినడం ఎంత సంతోషమో చెప్పలేను.

ఒక ఆదివారం పొద్దున నెల్లూరు స్టేషన్‌లో కావలి వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కాం. పెన్న దాటగానే వచ్చే పడుగుపాడులో దిగిపోయాం. అంతే ప్రయాణం. ఐదేళ్లలోపు పిల్లలకి రైల్లోనూ టికెట్ అక్కర్లేదు, ఆర్టీసీ బస్సులోనూ అక్కర్లేదు. కాబట్టి ఖర్చు గురించి ఆలోచించే పనే లేదు. "ఇంత దానికి రైలెందుకు?" అని అల్లుడు అడిగాడు. రెండేళ్ల పిల్లకి స్టేషనంటేనే ఒక పెద్ద ఊరు. కూలీల బండి, మైకులో మాటలు, మెట్ల వంతెన, చాయ్ కెటిలు అన్నీ కొత్తే. రైలు వంతెన ఎక్కగానే చప్పుడు మారింది. పిల్ల నా మెడ గట్టిగా పట్టుకుని కిందకి చూసింది. అది ఎండాకాలం ముందు రోజులు. పెన్నలో నీళ్లు సన్నని పాయలుగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసుక. ఆ ఇసుకలో బర్రెలు పోతున్నాయి. పడుగుపాడులో దిగి ఇడ్లీ తినిపించి, ఆటో మాట్లాడుకుని రోడ్డు వంతెన మీదుగా తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చేశాం.

రాత్రి వాళ్లమ్మ "ఏం చూశావురా నాన్నా?" అని అడిగింది. నేను రైలు గురించి చెబుతుందనుకున్నాను. "బర్రె పోతా ఉంది. నీళ్లు తాగతా ఉంది" అంది. రైలు చివరికి వచ్చింది, అదీ "డబడబడబ" అని. అప్పుడే మా తర్వాతి ప్రయాణం ఎక్కడికో తేలిపోయింది. మా వీధి వెనక పాలాయన దగ్గర రెండు బర్రెలున్నాయి. సాయంత్రం ఐదింటికి పాలు పితికే వేళకి తీసుకెళ్లాను. కాస్త దూరంగా గోడ పక్కన ఎత్తుకుని నిలబడ్డాను, ఎందుకంటే పశువు తోక విసిరినా పిల్లకి దెబ్బే. పాలు చెంబులో పడే చప్పుడు, నురగ, వాసన అన్నీ చూసింది. ఆ పాలే తెచ్చి కాచాం. గోరువెచ్చగా అయ్యాక పిల్ల చేతికే చెంచా ఇచ్చి తోడు వేయించింది మా ఆవిడ. పొద్దున లేచీ లేవగానే గిన్నె దగ్గరికి పరుగెత్తి వేలు పెట్టి చూసింది. "గట్టి!" అంది. నిన్న పల్చగా ఉన్నది ఇవాళ గట్టిపడిందని తన వేలితో తనే తెలుసుకుంది. ఎన్ని బొమ్మల పుస్తకాలు తిప్పినా ఇది దొరకదని నా నమ్మకం. ఆ తర్వాత చాలా రోజులు తోడు వేసే పని ఆమెదే.

అప్పటి నుంచి మాకు దారి దొరికింది. బయట చూసినదాంట్లో పిల్ల నోటికి ఏ మాట వస్తే, దాని వెనకే వెళ్లడం.

ఇంట్లో ఆటలకి మేం కొన్న బొమ్మలు తక్కువ. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు మాత్రం కొన్నాం. మన జిల్లా పనితనమే కదా, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బరువుండవు, మొనలు ఉండవు, కింద పడేసినా గోల లేదు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు పోయడం, గరిటెతో బియ్యం ఎత్తి వేయడం, ఈ రెండిటితోనే గంట గడిచిపోతుంది. కింద పాత దుప్పటి పరిస్తే బియ్యం ఏరుకోవడం తేలిక. నీళ్ల ఆట అవగానే బకెట్ బోర్లించేస్తాం. అడుగు లోతు నీళ్లున్నా చంటిపిల్లకి ప్రమాదమే కాబట్టి మా ఇంట్లో నిండు బకెట్ ఎక్కడా ఉంచం.

రైతుబజారు నుంచి తెచ్చిన సంచీ ఖాళీ చేయడం ఆమెకి పండగ. మన మెట్ట ప్రాంతం నిమ్మకి పెట్టింది పేరు, గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి ఎక్కడెక్కడికో పోతుంది. మా ఇంట్లో నిమ్మకాయలకి కొదవ ఉండదు. పచ్చవి ఒక బుట్టలో, పండినవి ఒక బుట్టలో వేయమంటాం. తర్వాత పెద్దవి, చిన్నవి. వంకాయ, టమాటా, ఉల్లిపాయ వేరు చేయడం. అరటికాయకీ అరటిపండుకీ తేడా ముట్టుకుని చెప్పడం. తప్పు బుట్టలో వేస్తే దిద్దం. కాసేపటికి తనే తీసి మారుస్తుంది, మార్చకపోయినా మాకేం తొందర? చింతగింజలు, గచ్చకాయలు, బఠానీలు, వేరుశనగలు మాత్రం ఈ ఆటలోకి రానివ్వలేదు. మన చిన్నప్పుడు చింతగింజలతోనే లెక్కలు నేర్చుకున్నాం నిజమే, కానీ అప్పటికి మనకి ఐదారేళ్లు. ఈ వయసులో ప్రతిదీ నోట్లోకే పోతుంది. పలుకుగా ఉన్న వేరుశనగ ఐదేళ్లలోపు పిల్లలకి పెట్టకూడదని డాక్టర్లు చెప్పేది గొంతుకి అడ్డం పడుతుందనే. పిల్ల నోట్లో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా సరే, మేం ఆట సామానుగా లెక్కపెట్టం.

మైపాడు బీచ్‌కి వెళ్లే ముందు ఈ నీళ్ల ఆటే పెంచాం. వెడల్పాటి పళ్లెంలో ఇసుక, పక్కన నీళ్లు, ఒక చెక్క గరిటె. ఇసుక తడిస్తే ముద్ద అవుతుందని పెరట్లోనే తెలిసింది. ఇందుకూరుపేట మీదుగా వెళ్తే పొద్దున్నే ట్రాఫిక్ ఉండదు. చీకటితో బయల్దేరి వెలుగు వచ్చేసరికి ఒడ్డున ఉన్నాం. సంచీలో రెండు జతల బట్టలు, తువ్వాలు, టోపీ, కాచి చల్లార్చిన నీళ్లు, అరటిపండ్లు, మెత్తటి ఇడ్లీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్, తడిబట్టలకి ఒక కవరు. బండి వెనక సీట్లో నీళ్ల క్యాను. ఉప్పునీళ్లు, ఇసుక కడగకుండా కూర్చోబెడితే దారంతా ఒళ్లు గోక్కుంటుంది.

అల చప్పుడుకి పిల్ల బెదిరింది. మా చంకలు దిగలేదు. "ఏం కాదులే, దిగు" అని అల్లుడు దించబోతే మా ఆవిడ ఆపింది. అంత దూరం నుంచి వచ్చి నీళ్లు తొక్కకుండా పోతామా అని మనకి ఉంటుంది. పిల్లకి ఆ లెక్క ఉండదు. అలలకి బాగా ఎడంగా పొడి ఇసుకలో దుప్పటి వేసుకుని కూర్చున్నాం. కాసేపటికి ఒక చిన్న ఎండ్రకాయ బొరియలోంచి బయటకొచ్చి అడ్డంగా పరుగెత్తి ఇంకో బొరియలో దూరింది. అంతే, పిల్ల నా ఒడిలోంచి జారి ఇసుకలోకి దిగింది. "తాతా, ఏంది అది? ఆడ పోయింది!" ఆ తర్వాత గంటసేపు మాకు సముద్రంతో పనే లేకపోయింది. బొరియ దగ్గర కదలకుండా కూర్చోవాలి, చప్పుడు చేయకూడదు, అప్పుడే బయటకొస్తుంది అని చెప్పాను. రెండేళ్ల పిల్ల అంతసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. చివర్లో వాళ్లమ్మ ఎత్తుకుని అల అంచున పాదాలు తడిపింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మన తీరంలో అల వెనక్కి లాగుతుంది, పెద్దవాళ్లే కాళ్లు నిలదొక్కుకోలేరు. పిల్లని నడిపించుకుంటూ నీళ్లలోకి పోకూడదు. చేయి పట్టుకుంటే చాలదు, ఎత్తుకునే ఉండాలి. పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి. ఇద్దరి చేతుల్లోనూ ఫోను ఉండకూడదు.

వచ్చాక వారం రోజులు మా ఇంట్లో అందరం ఎండ్రకాయలమే. మంచం కింద నుంచి సోఫా కింద దాకా అడ్డంగా పాకడం. లోపల, బయట, కింద, పక్కన అనే మాటలన్నీ ఆ ఆటలోనే వచ్చేశాయి. విడిగా నేర్పించే పని పడలేదు.

అన్నిటికంటే పెద్ద ప్రయాణం నేలపట్టు పక్షుల కేంద్రం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. మాకు మాత్రం ఇప్పటికీ మన పక్షులే. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు అక్కడి చెరువులో నీళ్ల మధ్య ఉన్న చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో మనకి వాయుగుండాల భయం. ఒకసారి వర్షానికి వాయిదా వేసుకుని, సంక్రాంతి వెళ్లాక ఖాయం చేసుకున్నాం. గూడబాతు ముక్కు కింద సంచీ ఉంటుంది. ఇంట్లో దిండు గలీబు తెరిచి పట్టుకుని, కాగితపు చేపల్ని అందులో వేయించాను. "గూడబాతు సంచీ, చేప లోపల" అని పాడుకుంటూ ఆడేది.

తెల్లవారుజామున నిద్రలోనే ఎత్తుకొచ్చి కారులో పడుకోబెట్టాం. హైవే మీద నాయుడుపేట దాటాక లేచింది. కారు ఆపి పాలు పట్టి, కాసేపు నడిపించాం. అక్కడికి చేరేసరికి మంచి హుషారులో ఉంది. బైనాక్యులర్ తీసుకెళ్లొద్దని నేను ముందే అన్నాను. ఆ వయసు పిల్ల రెండు కళ్లూ అందులో కుదురుగా పెట్టలేదు, విసుగొస్తుంది. కంటితో కనిపించే దూరంలోనే చాలా పక్షులున్నాయి. గూటిలో పిల్ల తల్లి నోట్లో తల దూర్చి తింటుంటే చూసి, వెంటనే తన నోరు తెరిచి వాళ్లమ్మ వైపు తిరిగింది. మేమంతా నవ్వాం. నాకైతే కళ్లు చెమర్చాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువని, అందుకే ఆ ఊళ్ల రైతులు ఈ పక్షుల్ని తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారని అమ్మాయికి, అల్లుడికి చెప్పాను. మనవరాలికి ఆ సంగతి చెప్పే వయసు తర్వాత వస్తుంది.

గంట లోపే పిల్ల చూపు చీమల బారు మీదికి మళ్లింది. అంటే పక్షులు చాలు అని అర్థం. "ఇంత దూరం వచ్చాం, పులికాట్ సరస్సు కూడా చూసేసి పోదాం మామయ్యా, రాజహంసలు ఉంటాయి" అన్నాడు అల్లుడు. ఆయన కోరికలో తప్పు లేదు. కానీ అప్పటికే పది కావస్తోంది. అక్కడికి పోతే ఎండ, ఆకలి, నిద్ర మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. గూడబాతుతో పాటు రాజహంసని కూడా చూపిస్తే రాత్రికి రెండూ కలగాపులగం అవుతాయి. "పులికాట్ ఎక్కడికీ పోదులే బాబూ, వచ్చే చలికాలం దానికోసమే వద్దాం" అన్నాను. పెరుగన్నం తినిపించి బయల్దేరాం. హైవే ఎక్కగానే నిద్రపోయింది, ఇంటికొచ్చేదాకా లేవలేదు.

ప్రయాణం చేయకుండా చూపించినది ఒకటుంది, రాకెట్. శ్రీహరికోట నుంచి ఎగిరిన రోజు మబ్బు లేకపోతే మన నెల్లూరు మేడల మీద నుంచే కనిపిస్తుంది. ప్రయోగం సాయంత్రం ఉందని పేపర్లో చూసి, నాలుగు రోజుల ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టే ఆట మొదలుపెట్టాం. పది నుంచి ఆమెకి రాదు. మూడు, రెండు, ఒకటి, ఎగురు! ప్రతి ఎగురుకీ నేను ఎత్తాలి. ఆ సాయంత్రం మేడ మీద దక్షిణం వైపు తిరిగి నిలబడ్డాం. పక్క మేడల మీద కూడా జనం. నారింజ రంగు వెలుగు పైకి లేచి, వెనక తోక వదులుతూ వంగి పోయింది. "పోయింది... ఎక్కడికి పోయింది?" అని రాత్రి అన్నం తింటూ కూడా అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్నకి వాళ్ల అమ్మమ్మ చందమామ దగ్గర్నుంచి మొదలుపెట్టి పెద్ద కథే చెప్పింది.

ఏ ప్రయాణం నుంచి వచ్చినా మేం ఒక పని తప్పకుండా చేస్తాం. మంచి ఫొటోలు మూడో నాలుగో ప్రింటు వేయించి చిన్న ఆల్బంలో పెడతాం. పడుకునే ముందు అది తిప్పుతూ మాట్లాడుకుంటాం. ఇందులో నేను మా ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. అడిగాక ఆగాలి. "ఇదేంటి?" అని మనమే అడిగి, పిల్ల నోరు తెరిచే లోపు మనమే "గూడబాతు!" అంటుంటాం. మా ఆవిడ అడిగి ఊరుకుంటుంది. పిల్ల బొమ్మ వంక చూస్తుంది, కాళ్లు ఆడిస్తుంది, అప్పుడు చెబుతుంది. ఒక్కోసారి మనం అడిగినదానికి సంబంధం లేనిది చెబుతుంది. అదే మాకు కావాల్సింది.

మొన్న మైపాడు ఫొటోల్లో కారు కిటికీలోంచి తీసినది ఒకటి చూసి "చక్రం తిరగతా ఉంది, నీళ్లు పైకి పోతా ఉన్నాయి" అంది. దారిలో రొయ్యల గుంటల్లో తిరిగే ఏరియేటర్లు అవి. మేమెవరం వాటిని చూపించనే లేదు. రొయ్యలకి గాలి అందడానికి నీళ్లని అలా చిలుకుతారు. అల్లుడికి తెలిసిన రైతు ఒకాయన తన గుంట దగ్గరికి రమ్మన్నాడు. గుంట లోతు ఉంటుంది, గట్టు మీద కరెంటు తీగలు ఉంటాయి. అందుకని పిల్లని కింద దించకూడదని, వాళ్ల నాన్న ఎత్తుకునే ఉండాలని ముందే అనుకున్నాం. ఇప్పుడు ఇంట్లో తొట్టిలో నీళ్లు పోసి కవ్వంతో చిలికే ఆట నడుస్తోంది. నీళ్లు ఇల్లంతా చిందుతున్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరతాం.